స్మార్ట్‌వాచ్ పేటెంట్‌కి పుట్టినతేదీ ఎక్కడ వెతకాలి

యూఎస్ 10,912,502, యూఎస్ 10,945,648. ఈ రెండు నంబర్లూ మాసిమో అనే కంపెనీ పేటెంట్లవి. 2023 డిసెంబర్‌లో యాపిల్ వాచ్ సిరీస్ 9, అల్ట్రా 2 అమెరికాలో యాపిల్ సొంత స్టోర్లలోంచి కొద్దిరోజులు మాయమవడానికి కారణం ఇవే, వాచ్‌లోని బ్లడ్ ఆక్సిజన్ ఫీచర్ వీటి మీద పడిందని అమెరికా ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ దిగుమతి నిషేధం పెట్టింది. రెండిటికీ అప్లికేషన్ పడింది 2020 సెప్టెంబర్‌లో, గ్రాంట్ అయ్యింది 2021 మొదట్లో. ఇరవై ఏళ్ల లెక్క తెలిసినవాళ్లు ఎవర్నడిగినా ఠక్కున 2040 అనేస్తారు. కానీ ఇవి ఎక్స్‌పైర్ అయ్యేది 2028 ఆగస్టులో. మధ్యలో పన్నెండేళ్లు ఎటు పోయినట్టు?

పేటెంట్ అంటే ఇరవై ఏళ్లు అన్నది అందరి నోటా వినిపించే మాటే, తప్పు కూడా కాదు. 1995లో అమల్లోకొచ్చిన ట్రిప్స్ అనే ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం 33వ ఆర్టికల్ చెప్పేది అదే, ఫైలింగ్ తేదీ నుంచి కనీసం ఇరవై ఏళ్లు రక్షణ ఉండాలని, దేశాలు కూడా దాదాపుగా అన్నీ ఆ లెక్కకే వచ్చేశాయి. తిరకాసంతా "ఏ ఫైలింగ్" అన్న దగ్గరే ఉంది. వేరబుల్స్‌లో పేటెంట్ ఒంటరిగా పుట్టడం తక్కువ, ఒక అప్లికేషన్‌లోంచి ఇంకోటి, దాంట్లోంచి మరోటి, ఇట్లా పిల్లలూ మనవలూ మునిమనవలూ వస్తూనే ఉంటారు, అమెరికాలో అయితే మరీనూ. ఆ మునిమనవడికి ఎన్నాళ్ల ఆయుష్షుందో వాడి పుట్టినరోజు చూసి చెప్పలేం, ముత్తాత ఎప్పుడు పుట్టాడో తవ్వాలి.

ఒక ఊహా ఉదాహరణ పెట్టుకుంటే పని తేలికవుద్ది. వేలికి పెట్టుకునే ఒక స్మార్ట్ రింగ్ అనుకుందాం, లోపల ఎల్‌ఈడీలు, వెలుతురుని పసిగట్టే ఒక ఫోటోడయోడ్, చర్మంలోకి వెలుతురు కొట్టి వెనక్కొచ్చినదాన్ని చదివి గుండె వేగం లెక్కేస్తది. తయారుచేసినవాళ్లు 2016 మార్చి 10న అమెరికాలో ప్రొవిజనల్ అప్లికేషన్ వేశారు. ప్రొవిజనల్ అంటే కర్చీఫ్ వేసి సీటు ఆపుకోవడం లాంటిది, దాన్ని ఎవరూ పరీక్షించరు, దానికి పేటెంట్ కూడా రాదు, పన్నెండు నెలల్లో అసలు అప్లికేషన్ వెయ్యకపోతే అది అక్కడితో సరి. వీళ్లు గడువుకి ఒక్కరోజు ముందు, 2017 మార్చి 9న అసలు అప్లికేషన్ వేశారు, అదే రోజు వేరే దేశాల కోసం పీసీటీ అప్లికేషన్ (ఒక్క దరఖాస్తుతో చాలా దేశాలకి దారి తెరిచే అంతర్జాతీయ పద్ధతి) కూడా వేశారు.

ఇక్కడ రెండు తేదీలు పుట్టాయి, జనం కలిపేసుకునేది ఈ రెండిటినే. 2016 మార్చి 10 ప్రయారిటీ తేదీ, అంటే ఈ ఐడియా కొత్తదా కాదా అని చూసేటప్పుడు ఆ తేదీకి ముందు లోకంలో ఏముందో చూస్తారు. 2017 మార్చి 9 ఆయుష్షు లెక్క మొదలయ్యే తేదీ. ప్రొవిజనల్‌లో గడిచిన ఏడాది ఇరవై ఏళ్లలోకి రాదు, అది ఫ్రీగా దొరికిన ఏడాదే. అంటే మామూలుగా ఈ ఫ్యామిలీ మొత్తానికి చివరి తేదీ 2037 మార్చి 9. చాలామంది ప్రయారిటీ తేదీకి ఇరవై కలిపి 2036 అని రాసేస్తుంటారు, అది తప్పు. ఇంకొందరు గ్రాంట్ తేదీకి కలిపి 2040 అంటారు, అది ఇంకా పెద్ద తప్పు.

ఈ ఒక్క ఏడాది వెసులుబాటు అమెరికా సొంతంగా కనిపెట్టిందేం కాదు. దీని మూలం 1883 నాటి పారిస్ కన్వెన్షన్ అనే అంతర్జాతీయ ఒప్పందంలోనే ఉంది, ఒక దేశంలో వేశాక పన్నెండు నెలల్లో వేరే దేశంలో వేస్తే మొదటి తేదీ గౌరవం దక్కుతుంది, రెండో దేశంలో ఆయుష్షు మాత్రం అక్కడ వేసిన రోజు నుంచే. పీసీటీ దారిలో వెళ్తే ఇంకా టైమ్ దొరుకుతుంది, ప్రయారిటీ తేదీ నుంచి 30 నెలల దాకా, యూరప్ ఇండియా లాంటి చోట్ల 31 నెలల దాకా ఆగి ఏ దేశంలోకి దిగాలో తేల్చుకోవచ్చు. కాకపోతే దిగింది ఆలస్యంగా కదా అని ఆయుష్షు జరగదు, ఇంటర్నేషనల్ ఫైలింగ్ తేదీ నుంచే లెక్క. మన రింగ్ యూరప్‌లో 2018 అక్టోబర్‌లో అడుగుపెట్టినా అక్కడ పోయేది 2037 మార్చి 9నే.

అమెరికాలో ఎప్పుడూ ఇట్లాగే ఉండేది కాదు. 1995 జూన్ 8కి ముందు లెక్క వేరే, గ్రాంట్ అయిన రోజు నుంచి పదిహేడేళ్లు. వినడానికి మూడేళ్లు తక్కువలా అనిపిస్తది కానీ ఆచరణలో అది పెద్ద కన్నం, ఎందుకంటే గ్రాంట్ ఎంత లేటైతే అంత మంచిది. జార్జ్ సెల్డెన్ అనే లాయరు 1879లో మోటారు బండి మీద అప్లికేషన్ వేసి, సవరణల మీద సవరణలు పెడుతూ సాగదీసి 1895లో గ్రాంట్ తీసుకున్నాడు, ఈలోపు కార్ల పరిశ్రమ మొదలయ్యేంత టైమ్ గడిచింది, ఆ తర్వాత కార్లు చేసేవాళ్ల దగ్గర రాయల్టీ వసూలు. ఇట్లా నీళ్లలో మునిగుండి అందరూ పడవలు వేసుకున్నాక పైకి తేలే పేటెంట్లకి సబ్‌మెరైన్ పేటెంట్లు అని పేరే పడిపోయింది. గడియారం ఫైలింగ్ నుంచి తిప్పడం మొదలెట్టాక ఆ ఆట చాలావరకు ఆగింది, సాగదీస్తే అరిగేది సొంత ఆయుష్షే కాబట్టి. చాలావరకు అన్నది గుర్తుపెట్టుకోవాలి, పూర్తిగా కాదు.

పూర్తిగా ఎందుకు ఆగలేదో మొదటి పేరాలోని ఆ రెండు పేటెంట్లే చెప్తాయి. వాటి మొదటి పేజీ మీద, సంబంధిత అప్లికేషన్లు అన్న భాగంలో, వరసపెట్టి తాతముత్తాతల పేర్లు ఉంటాయి. ఒక అప్లికేషన్‌కి కంటిన్యూయేషన్, అది ఇంకోదానికి కంటిన్యూయేషన్, అట్లా 2010, 2009, 2008 దాకా వెళ్తుంది. 2008 జులై, ఆగస్టు నెలల్లో వేసిన ప్రొవిజనల్స్ ఉన్నాయి, వాటిని లెక్కలోకి తీసుకోం. అసలు అప్లికేషన్లలో పాతది 2009 జులై 2న వేసింది, దాన్ని బట్టి చూస్తే 2029 జులై రావాలి. మరి 2028 ఆగస్టు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఆ 2009 అప్లికేషన్ తనకి ముందు 2008 ఆగస్టు 25న వేసిన రెండు డిజైన్ అప్లికేషన్లకి కూడా వారసురాలినని రాసుకుంది. డిజైన్ అంటే వస్తువు బయటికి ఎట్లా కనిపిస్తుందో దాని బొమ్మలు, అంతే. ఆ బొమ్మల అప్లికేషన్‌కి వారసత్వం చెప్పుకున్నందుకు టెక్నాలజీ పేటెంట్ల గడియారం కూడా అక్కణ్ణుంచే మొదలైంది. ప్రొవిజనల్ లెక్కలోకి రాదు గానీ డిజైన్ అప్లికేషన్ వస్తుంది, చట్టం అడిగేది అంతకుముందు వేసిన అప్లికేషన్‌ని ప్రస్తావించి దాని పాత తేదీ తమకీ వర్తించాలని అడిగారా లేదా అనే. అంటే ఒక్క వాక్యం కలిపినందుకు దాదాపు పది నెలల ఆయుష్షు పోయింది, ఆ పది నెలలకి బదులుగా ఏం దక్కిందో రాసిన లాయర్లకే తెలియాలి. ఎక్స్‌పైరీ లెక్కేసేవాళ్లు తప్పు చేసేది సరిగ్గా ఇట్లాంటి చోటే, వంశవృక్షంలో ఒక్క కొమ్మ వదిలేస్తే తేదీ మారిపోతుంది.

ఇంకో ప్రశ్న మిగిలింది, 2008 నాటి ఐడియాకి 2020లో అప్లికేషన్ ఎందుకు వేసినట్టు? ఇక్కడే కంటిన్యూయేషన్ అన్నది అర్థం చేసుకోవాలి. పేటెంట్‌లో రెండు భాగాలు ఉంటాయి, స్పెసిఫికేషన్ అంటే కనిపెట్టినదాన్ని వివరంగా చెప్పే భాగం, క్లెయిమ్‌లు అంటే "ఇదిగో ఈ గీత లోపల ఉన్నదంతా మాది" అని సరిహద్దు రాళ్లు పాతే భాగం. కంటిన్యూయేషన్‌లో స్పెసిఫికేషన్ అక్షరం మారదు, కొత్తగా ఏమీ కలపకూడదు, కానీ రాళ్లు వేరే చోట పాతుకోవచ్చు. షరతు ఒక్కటే, తల్లి అప్లికేషన్ గ్రాంట్ అవ్వకముందో, వదిలెయ్యకముందో పిల్ల పుట్టాలి. అందుకే కంపెనీలు ఒక్క పిల్లనైనా ఎప్పుడూ పెండింగ్‌లో ఉంచుకుంటాయి, మార్కెట్‌లోకి ఏ వాచ్ వస్తుందో చూసి, దాని వెనక అద్దం ఎట్లా ఉంది, ఎల్‌ఈడీలు ఎన్ని, డయోడ్లు ఎక్కడ పెట్టారు అని చూసి, 2008లో రాసిన ఆ స్పెసిఫికేషన్‌లో దానికి ఆధారం ఉంటే సరిగ్గా ఆ వాచ్ మీద పడేలా క్లెయిమ్‌లు రాస్తాయి. బ్లడ్ ఆక్సిజన్ కొలిచే యాపిల్ వాచ్ సిరీస్ 6 బయటికొచ్చింది 2020 సెప్టెంబర్ 18న, ఈ రెండు అప్లికేషన్లూ పడింది అదే నెల 24న. ఇది చట్టం ఒప్పుకునే పనే. కావాలని ఇన్నేళ్లు ఆలస్యం చేశారని యాపిల్ వాదించింది కూడా, అమెరికా ఇంటర్నేషనల్ ట్రేడ్ కమిషన్ ఆ వాదన ఒప్పుకోలేదు. ఇది న్యాయమా అంటే ఎవరి వైపు నిలబడి చూస్తే వాళ్లకి ఒకలా కనిపిస్తది. ముందు కనిపెట్టి ముందు రాసిపెట్టినవాడికి తను రాసినదాన్ని పూర్తిగా వాడుకునే హక్కు ఉండాలి అన్నది ఒక మాట. పన్నెండేళ్ల తర్వాత గీత ఎక్కడ గీస్తారో తెలియకపోతే వస్తువు చేసేవాడు ఏం చూసుకుని చెయ్యాలి అన్నది ఇంకో మాట, అది కూడా కొట్టిపారేసేది కాదు. పేటెంట్ ఆఫీసు మధ్యేమార్గంగా ఫీజు పెట్టింది, 2025 జనవరి 19 నుంచి మొదటి అసలు అప్లికేషన్ తర్వాత ఆరేళ్లు దాటి వేసే కంటిన్యూయేషన్‌కి 2,700 డాలర్లు, తొమ్మిదేళ్లు దాటితే 4,000 డాలర్లు అదనం. పెద్ద కంపెనీకి ఇది లెక్కలోకి రాని సొమ్ము, చిన్నవాళ్లకి మాత్రం రాయితీ పోగా మిగిలింది కూడా తగులుద్ది.

ఆలస్యంగా పుట్టిన పిల్లకి ఆయుష్షు తక్కువ ఉంటుంది అన్నది నిజమే, కానీ తక్కువ ఆయుష్షు ఉన్న పేటెంట్ పనికిరాదు అనుకుంటే పొరపాటు. మాసిమోదే ఇంకో పేటెంట్ ఉంది, యూఎస్ 10,433,776, తక్కువ బ్యాటరీతో పల్స్ ఆక్సిమీటర్ (వెలుతురుతో రక్తంలో ఆక్సిజన్ కొలిచే పరికరం) నడిపే పద్ధతి మీద. దాని మూలం 2001, 2002 నాటిది, గ్రాంట్ అయ్యింది 2019 అక్టోబర్‌లో, ఎక్స్‌పైర్ అయ్యింది 2022లో. చేతికొచ్చాక బతికింది మూడేళ్లు కూడా లేదు. 2025 నవంబర్‌లో కాలిఫోర్నియాలో జ్యూరీ ఆ ఒక్క పేటెంట్ మీదే 634 మిలియన్ డాలర్లు కట్టమని యాపిల్‌కి చెప్పింది, వాచ్‌లోని వర్కౌట్ మోడ్, హార్ట్ రేట్ నోటిఫికేషన్ ఫీచర్ల దగ్గర పేటెంట్ ఉల్లంఘన ఉందని. పేటెంట్ ఎప్పుడో అయిపోయింది, అందులో ఉన్నది పాత టెక్నాలజీ, అప్పీల్‌కి వెళ్తాం అని యాపిల్ అంది. అమెరికా చట్టంలో దావా వేసిన రోజు నుంచి వెనక్కి ఆరేళ్ల వరకు నష్టపరిహారం అడగొచ్చు, పేటెంట్ బతికున్న రోజుల్లో జరిగిన దానికి మాత్రమే. కాబట్టి ఎక్స్‌పైర్ అయింది అంటే ఇకనుంచి వాడుకోవచ్చు అని అర్థం, అప్పుడు వాడినదానికి మాఫీ అని కాదు. ట్రేడ్ కమిషన్ దారి మాత్రం దీనికి పనికిరాదు, అది రాబోయే సరుకుని ఆపగలదు గానీ డబ్బు ఇప్పించలేదు, పోయిన పేటెంట్‌తో అక్కడికి వెళ్లి లాభం లేదు.

కంటిన్యూయేషన్‌కి ఒక మారుటి తోబుట్టువు ఉంది, కంటిన్యూయేషన్ ఇన్ పార్ట్ అంటారు, చిక్కులు ఎక్కువ ఇందులోనే. పాత స్పెసిఫికేషన్‌కి కొత్త విషయం కలిపి వెయ్యొచ్చు. మన రింగ్ వాళ్లు 2019 ఏప్రిల్‌లో చర్మం వేడి కొలిచే సెన్సర్ కలిపి ఇట్లాంటిదొకటి వేశారనుకుందాం. వేడి సెన్సర్ క్లెయిమ్‌లకి ప్రయారిటీ 2019 నుంచే, ఎందుకంటే 2016లో ఆ ముక్కే లేదు. ఆయుష్షు మాత్రం 2017 మార్చి నుంచి తరుగుతూనే ఉంది. అంటే కొత్తదనం లెక్కలో వయసు చిన్నది, చావు లెక్కలో వయసు పెద్దది, రెండు రకాలా నష్టమే. దానికి తోడు తల్లి అప్లికేషన్ ప్రయారిటీ నుంచి పద్దెనిమిది నెలలకి, 2017 సెప్టెంబర్‌లోనే పబ్లిష్ అయిపోయింది, ఏడాదికి పైనే అయింది కాబట్టి అది సొంత పిల్లకే అడ్డం తగలొచ్చు, ఉన్న రింగ్‌కి వేడి సెన్సర్ పెట్టడం ఎవరికైనా తట్టేదేగా అని ఎగ్జామినర్ తల్లినే చూపించి కొట్టేస్తాడు. ఆ కొత్త ముక్కకి విడిగా కొత్త అప్లికేషన్ వేసుంటే కనీసం 2039 దాకా వచ్చేది. వేరబుల్స్‌లో ప్రతి ఏడాదీ ఒక సెన్సర్ కలుస్తూ ఉంటుంది కాబట్టి ఈ పొరపాటు తరచూ కనబడుద్ది.

ఇప్పటిదాకా తగ్గే లెక్క చూశాం, పెరిగేది కూడా ఉంది. పేటెంట్ ఆఫీసు ఆలస్యం చేస్తే ఆ రోజులు తిరిగిస్తారు, దాన్ని పేటెంట్ టర్మ్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. అమెరికాలో 2000 మే 29 నుంచి వేసిన అప్లికేషన్లకి వర్తిస్తుంది, మొదటి జవాబుకి పద్నాలుగు నెలలు దాటినా, మొత్తం మీద మూడేళ్లు దాటినా ఆఫీసు వైపు జమ, దరఖాస్తుదారుడు చేసిన ఆలస్యం అందులోంచి కోత. మన రింగ్ మొదటి పేటెంట్ 2020 జూన్ 16న గ్రాంట్ అయ్యింది (అమెరికాలో గ్రాంట్లన్నీ మంగళవారమే ఇస్తారు, ఇదీ మంగళవారమే), 210 రోజులు జమ పడింది, కాబట్టి అది పోయేది 2037 మార్చి 9న కాదు, అక్టోబర్ 5న. ఈ 210 అన్న అంకె పేటెంట్ మొదటి పేజీ మీద చిన్న గమనికలో ఉంటుంది, చూడకుండా దాటేసేవాళ్లే ఎక్కువ. యూరోపియన్ పేటెంట్‌కి, ఇండియా పేటెంట్‌కి ఇట్లా ఆలస్యానికి రోజులు కలిపే పద్ధతి లేదు, చైనా 2021 నుంచి పెట్టింది, జపాన్‌లోనూ ఉంది. ఒకే ఫ్యామిలీలో అన్నదమ్ములు ఒక్కో దేశంలో ఒక్కో రోజు పోవడానికి ఇదొక కారణం.

ఈ జమ రోజుల మీద ఒక ఉరితాడు కూడా వేలాడుతుంటుంది. ఒకే ఓనరు ఒకే ఐడియాని కాస్త అటూఇటూ మార్చి రెండు పేటెంట్లు తీసుకుంటే డబుల్ పేటెంటింగ్ అని అభ్యంతరం వస్తుంది, దాని నుంచి బయటపడాలంటే టర్మినల్ డిస్‌క్లెయిమర్ రాసివ్వాలి, అంటే "ఇది దాని కంటే ఒక్కరోజు కూడా ఎక్కువ బతకదు, రెండూ ఒకే ఓనరు చేతిలో ఉన్నంతకాలమే చెల్లుతుంది" అని ఒప్పుకోవడం. కాబట్టి డిస్‌క్లెయిమర్ ఉన్న పేటెంట్‌కి ఎన్ని రోజులు జమ ఉన్నా గీత దాటి లెక్కపెట్టకూడదు. రాసివ్వకపోతే ఏమవుద్దో 2023 ఆగస్టులో సెలెక్ట్ అనే కంపెనీ కేసులో ఫెడరల్ సర్క్యూట్ కోర్టు (అమెరికాలో పేటెంట్ అప్పీళ్లు వినే కోర్టు) చెప్పింది. చిన్న పరికరాల్లో పెట్టే కెమెరా సెన్సర్ల మీద ఉన్న ఫ్యామిలీ అది, అందరిదీ ఒకే మూల తేదీ, జమ రోజుల వల్ల ఒక్కోటి ఒక్కో రోజు పోయేలా ఉన్నాయి, డిస్‌క్లెయిమర్లు లేవు. జమ కలిపాక వచ్చే తేదీలనే పోల్చాలి అని కోర్టు తేల్చడంతో అందులోని నాలుగు పేటెంట్లలో సవాలు చేసిన క్లెయిమ్‌లు చెల్లకుండా పోయాయి. ఏడాది తిరిగాక అలెర్గాన్ అనే మందుల కంపెనీ కేసులో అదే కోర్టు ఒక పట్టు సడలించింది, ఫ్యామిలీలో ముందు వేసి ముందు గ్రాంట్ అయిన పెద్దకొడుకుని తర్వాత పుట్టి ముందు పోయే తమ్ముడు చంపలేడని.

వైద్య పరికరం కాబట్టి ఇంకో ఐదేళ్లు పొడిగిస్తారేమో అని కొందరు అనుకుంటారు. 1984 నాటి హ్యాచ్-వ్యాక్స్‌మన్ చట్టం ప్రకారం ఎఫ్‌డీఏ (మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే అమెరికా సంస్థ) అనుమతి కోసం ఎదురుచూసిన కాలానికి పొడిగింపు ఉంది, గరిష్ఠంగా ఐదేళ్లు. కానీ పరికరాల్లో అది ప్రీమార్కెట్ అప్రూవల్ అనే కఠినమైన దారిలో వెళ్లినవాటికే, శరీరంలో అమర్చేవి, ప్రాణం మీదికొచ్చేవి ఎక్కువగా అందులోకి వస్తాయి. వాచ్‌లూ బ్యాండ్‌లూ సాధారణంగా వెళ్లేది తేలిక దారుల్లో, 2018లో యాపిల్ వాచ్ ఈసీజీకి వచ్చింది అట్లాంటి డీ నోవో అనే అనుమతే. కాబట్టి ఆ ఐదేళ్లు మర్చిపోవచ్చు.

ముందే పోయేవీ బోలెడు. అమెరికాలో గ్రాంట్ తర్వాత మూడున్నరేళ్లకి, ఏడున్నరేళ్లకి, పదకొండున్నరేళ్లకి మెయింటెనెన్స్ ఫీజు కట్టాలి, 2025 నుంచి పెద్ద కంపెనీలకి వరసగా 2,150, 4,040, 8,280 డాలర్లు. గడువు దాటాక ఆరు నెలలు జరిమానాతో కట్టొచ్చు, ఆ తర్వాత పేటెంట్ పోతుంది. యూరప్, ఇండియా లాంటి చోట్ల మూడో ఏడాది నుంచి ఏటేటా. వేరబుల్స్‌లో చాలా స్టార్టప్‌లు మూతపడేది ఈ మధ్యలోనే, ఫీజు కట్టేవాడు లేక పేటెంట్లు రాలిపోతుంటాయి. గూగుల్ పేటెంట్స్‌లో వెతికితే "ఎక్స్‌పైర్డ్, ఫీ రిలేటెడ్" అని కనబడేది ఇదే. అక్కడే చిన్న గమనిక కూడా ఉంటది, ఆ స్టేటస్ అంచనా మాత్రమే, చట్టపరమైన తీర్పు కాదని. ఊరికే పెట్టలేదు దాన్ని. కావాలని కాదు, పొరపాటున కట్టలేదు అని పిటిషన్ పెట్టి చచ్చిన పేటెంట్‌ని లేపుకోవచ్చు, మధ్యలో నమ్మి మొదలెట్టినవాళ్లకి కొంత రక్షణ ఉంటుంది గానీ తలనొప్పి తలనొప్పే. ఫీజులన్నీ కట్టినా చెల్లకుండా పోయేవి కూడా ఉన్నాయి, యాపిల్ మీద కేసు వేసిన అలైవ్‌కోర్ అనే కంపెనీ ఈసీజీ పేటెంట్లు మూడిటిని పేటెంట్ ఆఫీసు అప్పీల్ బోర్డు 2022 డిసెంబర్‌లో కొట్టేసింది, ఆ నెలలోనే ట్రేడ్ కమిషన్ అలైవ్‌కోర్ వైపు తీర్పిచ్చినా దాన్ని అమలు చెయ్యకుండా ఆపి ఉంచాల్సొచ్చింది, 2025 మార్చిలో ఫెడరల్ సర్క్యూట్ బోర్డు మాటే ఖాయం చేసింది. క్యాలెండర్ ప్రకారం వాటికి ఇంకా చాలా ఏళ్లు ఉన్నాయి.

ఫ్యామిలీ అన్న మాటకి కూడా ఒకే అర్థం లేదు. సింపుల్ ఫ్యామిలీ అంటే ప్రయారిటీలు అచ్చంగా ఒకటే ఉన్నవి, అంటే ఒకే ఆవిష్కరణకి దేశదేశాల కాపీలు. ఎక్స్‌టెండెడ్ ఫ్యామిలీ అంటే ఎక్కడో ఒక్క ప్రయారిటీ కలిసినా చుట్టమే, బాబాయి వియ్యంకుడి తరఫు కూడా వచ్చేస్తారు. యూరోపియన్ పేటెంట్ ఆఫీసు వెతుకులాట సైటు ఎస్పాసెనెట్‌లో ఈ రెండూ విడివిడిగా చూపిస్తారు. ఎక్స్‌పైరీ కోసం చూసేవాళ్లు సింపుల్ దగ్గర ఆగిపోతే కంటిన్యూయేషన్ ఇన్ పార్ట్ కొమ్మలు జారిపోవచ్చు, ఎక్స్‌టెండెడ్ అంతా ఒకే తేదీకి పోతుందనుకుంటే అదీ తప్పే.

చుట్టరికం ఒకటి, ఆస్తి ఎవరి పేరు మీద ఉంది అన్నది ఇంకోటి. స్మార్ట్ రింగ్‌ల గొడవ ఇందుకు మంచి ఉదాహరణ. ఔరా అనే రింగ్ కంపెనీ ట్రేడ్ కమిషన్ దగ్గర పోటీదార్లు అల్ట్రాహ్యూమన్, రింగ్‌కాన్ మీద గెలిచి 2025 అక్టోబర్‌లో దిగుమతి నిషేధం తెచ్చుకున్న పేటెంట్ యూఎస్ 11,868,178. అది ఔరా ఇంట్లో పుట్టింది కాదు. మోటివ్ అనే పాత రింగ్ కంపెనీ మొదలెట్టిన ఫ్యామిలీ, మోటివ్‌ని 2020లో ప్రాక్సీ కొనుక్కుంది, ప్రాక్సీని 2023లో ఔరా కొనుక్కుంది, ఈ పేటెంట్ గ్రాంట్ అయ్యింది 2024 జనవరిలో. మోటివ్ రింగ్ మార్కెట్‌లోంచి ఎప్పుడో పోయింది, దాని వంశం మాత్రం వేరే ఇంటిపేరుతో 2030ల మధ్య దాకా నడుస్తది. పోటీ కంపెనీ పేరుతో మాత్రమే వెతికేవాళ్లకి ఇట్లాంటివి చివరి నిమిషంలో తగులుతాయి.

వాచ్‌లో ఉన్నవాటిలో ఏది ఇప్పటికే అందరిదీ అంటే, మూలసూత్రం ఎప్పుడో అందరిదీ అయిపోయింది. రక్తంలో ఆక్సిజన్‌ని నాడి కొట్టుకునేటప్పుడు వెలుతురు మారే తీరుని బట్టి కొలవొచ్చని టకువో అవోయాగి కనిపెట్టి, నిహోన్ కోడెన్ తరఫున జపాన్‌లో అప్లికేషన్ వేసింది 1974లో. యాభై ఏళ్లు దాటింది, ఆ సూత్రం మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. గొడవంతా దాని చుట్టూ అల్లిన పొరల మీద, మణికట్టు మీద డయోడ్లు ఎట్లా పేర్చాలి, మధ్యలో వెలుతురు లీకవ్వకుండా గోడ ఎక్కడ కట్టాలి, అద్దం ఎంత ఉబ్బాలి, చెయ్యి ఊపినప్పుడు సిగ్నల్‌లో కలిసే గజిబిజిని ఎట్లా తీసెయ్యాలి. ఒక్కో పొరకి ఒక్కో ఫ్యామిలీ, ఒక్కో తేదీ. పైగా బయటి ఆకారానికి డిజైన్ పేటెంట్ విడిగా, దాని లెక్క మళ్లీ గ్రాంట్ నుంచే, అమెరికాలో 2015 మే 13 నుంచి వేసినవాటికి పదిహేనేళ్లు, అంతకుముందువాటికి పద్నాలుగు, మెయింటెనెన్స్ ఫీజులు లేవు. అందుకే "ఫలానా పేటెంట్ పోయింది, ఇక వాచ్ చేసుకోవచ్చు" అనేది ఎప్పుడూ తొందరపాటు మాటే. పోయిన పేటెంట్‌లో రాసినదాన్ని రాసినట్టు చేసుకోవచ్చు, దాని మీద తర్వాత వచ్చిన మెరుగు చెయ్యాలంటే మళ్లీ చూసుకోవాల్సిందే.

లైసెన్స్ తీసుకున్నవాళ్లకి ఎక్స్‌పైరీ తేదీ ఇంకోలా పనికొస్తుంది. 2015లో కింబుల్ వర్సెస్ మార్వెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు పాత 1964 బ్రూలాట్ తీర్పునే నిలబెట్టింది, పేటెంట్ పోయాక దాని పేరుతో రాయల్టీ అడిగే ఒప్పందం చెల్లదని. ఆ కేసులో వస్తువు కూడా ఒంటికి తొడుక్కునేదే, నురగ దారం చిమ్మే స్పైడర్‌మ్యాన్ బొమ్మ గ్లవ్, ఎలక్ట్రానిక్స్ కాదనుకోండి. బోలెడు పేటెంట్లు ఒకే కట్టలో లైసెన్స్ చేసినప్పుడు చివరిది పోయేదాకా రాయల్టీ నడవొచ్చని కూడా అదే తీర్పులో ఉంది, వేరబుల్ కంపెనీలు పెండింగ్ పిల్లల్ని కూడా లైసెన్స్‌లో కలిపేది అందుకే.

ఇక ఆ 2028 ఆగస్టు సంగతి. ఈలోపు యాపిల్ ఆక్సిజన్ లెక్కని వాచ్‌లో కాకుండా ఐఫోన్‌లో చేసేట్టు మార్చి, నిషేధం వల్ల ఆపేసిన ఆ ఫీచర్‌ని 2025 ఆగస్టులో అమెరికాలో మళ్లీ తెచ్చింది. 2008 ఆగస్టు 25కి ఇరవై కలిపితే 2028 ఆగస్టు 25, శుక్రవారం. ఆ రెండు పేటెంట్లకీ అప్లికేషన్ నుంచి గ్రాంట్‌కి ఆరు నెలలు కూడా పట్టలేదు కాబట్టి ఆఫీసు ఆలస్యం అని కలపడానికి జమ రోజులూ లేవు. ఆ డిజైన్ అప్లికేషన్ దాకా వెళ్లే వంశంలో ఇంకా కొత్తగా ఎన్ని పిల్లలు గ్రాంట్ అయినా మామూలు లెక్కలో ఆ రోజుతోనే సరి, దిగుమతి నిషేధం కూడా దాంతోనే పోతుంది. ఆ రోజుకి ముందు అమ్మిన వాచ్‌ల మీద పరిహారం అడిగే దారి మాత్రం, ఆరేళ్ల లెక్క ప్రకారం, 2034 ఆగస్టు దాకా తెరిచే ఉంటుంది.